ఇది రేసిజమేనా? అమెరికా క్యాంపస్‌లో ఆ మాటకి ఎన్ని కొలతలో

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మనోళ్ల వాట్సాప్ గ్రూపు ఏది తీసుకున్నా సెమిస్టర్‌కి ఒకసారైనా ఈ ప్రశ్న వస్తుంది, "బ్రో, దీన్ని రేసిజం అనొచ్చా?" అని. ప్రొఫెసర్ నా యాక్సెంట్ అర్థం కావట్లేదని టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పోస్టు, ఇవ్వలేదు అని ఒకడు, గ్రూప్ ప్రాజెక్టులో నన్నెవరూ కలుపుకోలేదని ఒకమ్మాయి, డైనింగ్ హాల్లో నా టిఫిన్ బాక్స్ వాసన మీద జోకులేశారని ఇంకొకడు, బస్టాప్‌లో ఎవడో కార్లోంచి "గో బ్యాక్" అని అరిచి పోయాడని మరొకడు. వెంటనే కింద రెండు పార్టీలు. ఒకళ్లు ఇది క్లియర్‌గా రేసిజం, కంప్లైంట్ పెట్టు అంటారు, ఇంకొకళ్లు అంత సీన్ లేదు, ప్రతిదానికీ రేసిజం అంటే ఎలా, చదువు చూసుకో అంటారు. ఓ గంట కొట్టుకుంటారు, ఈలోపు ఎవరో ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే పర్మిషన్) డౌట్ అడుగుతారు, ఇది పైకి స్క్రోల్ అయిపోతుంది.

తమాషా ఏంటంటే ఆ రెండు పార్టీల్లో ఎవరూ తప్పు మాట్లాడట్లేదు. ఒకళ్లు ఎదుటోడి మనసులో ద్వేషం ఉందా లేదా అని చూస్తున్నారు, ఇంకొకళ్లు నాకు జరిగిన నష్టం ఏంటి అని చూస్తున్నారు, ఇక కంప్లైంట్ తీసుకునే ఆఫీసు ఈ రెండూ కాకుండా ఇది మా పాలసీలో ఏ లైను కిందకొస్తుంది అని చూస్తుంది. మాట ఒకటే, కొలతలు వేరు. ఈ గొడవ మనోళ్లు వెళ్లాక మొదలైంది కూడా కాదు, అక్కడి యూనివర్సిటీలు దశాబ్దాలుగా దీనిమీద కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి, వాటి ప్రెసిడెంట్ల, అంటే మన వీసీల్లాంటి వాళ్ల, ఉద్యోగాలు కూడా పోయాయి.

ముందు చట్టం సంగతి. 1964 సివిల్ రైట్స్ యాక్ట్‌లో టైటిల్ సిక్స్ అని ఒక భాగం ఉంది. ఫెడరల్ గవర్నమెంట్ డబ్బు తీసుకునే సంస్థలు రేస్, రంగు, నేషనల్ ఆరిజిన్, అంటే మన మూలాలు ఏ దేశానివి అనేదాన్ని బట్టి ఎవర్నీ పక్కన పెట్టకూడదు అంటుంది అది. రీసెర్చ్ గ్రాంట్ రూపంలోనో స్టూడెంట్ లోన్ల రూపంలోనో ఆ డబ్బు తీసుకోని యూనివర్సిటీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ప్రైవేటువీ పబ్లిక్‌వీ దాదాపు అన్నీ దీని కిందకొస్తాయి. పైగా సిటిజన్లకే అని రాయలేదు, అమెరికాలో ఉన్న ఏ వ్యక్తికైనా అని రాశారు, అంటే ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీదున్న మనోడికి కూడా వర్తిస్తుంది, ఇది చాలామందికి తెలీదు. మీ ప్రొఫెసర్ మనిషిగా రేసిస్టా కాదా అన్నది ఈ చట్టం తేల్చదు. మిమ్మల్ని వేరేవాళ్లకంటే తక్కువగా చూశాడా, చూస్తే దానికి కారణం మీ రంగో మీ దేశమో అవునా, అంతవరకే.

యాక్సెంట్ కేసు తీసుకుందాం. టీఏ అంటే ఉద్యోగం కూడా కాబట్టి అదే యాక్ట్‌లో ఉద్యోగాల గురించి ఉన్న టైటిల్ సెవెన్ కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడి రూలు ఏంటంటే, యాక్సెంట్ వల్ల ఆ పని చెయ్యడానికి నిజంగా అడ్డం వస్తుంటే ఇవ్వకపోవచ్చు, పనికి ఏ అడ్డమూ లేకపోయినా వినడానికి నచ్చక పక్కన పెడితే మాత్రం అది నేషనల్ ఆరిజిన్ వివక్ష. అంటే పేపర్లు దిద్దే టీఏకి ఒక జవాబు, వందమంది ముందు నిలబడి క్లాస్ చెప్పే టీఏకి ఇంకో జవాబు రావచ్చు. జర్మన్ యాక్సెంట్ ఉన్నోడికి ఇచ్చి మనకి ఇవ్వలేదా, ఇంగ్లిష్ టెస్ట్ అందరికీ పెట్టారా మనకొక్కళ్లకే పెట్టారా, ఇలాంటివి అడక్కుండా ఆ ఒక్క ముక్క పట్టుకుని అవును కాదు అని తేల్చేస్తే గ్రూపులో లైకులొస్తాయి అంతే.

వీసా స్టేటస్ మాత్రం ఈ లిస్టులో లేదు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ దగ్గర ఎక్కువ ఫీజు తీసుకోవడం, కొన్ని స్కాలర్‌షిప్పులు సిటిజన్లకే ఇవ్వడం మనకి ఎంత కడుపు మండించినా టైటిల్ సిక్స్ లెక్కలో అవి రేసిజం కాదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందిగా, మిషిగన్‌లో ఇమిగ్రేషన్ వాళ్లే ఫేక్ యూనివర్సిటీ పెట్టి వందమందికి పైగా స్టూడెంట్లని పట్టుకున్నారు, అందులో మన తెలుగు పిల్లలే ఎక్కువ. అప్పుడు ఇక్కడ టీవీల్లో చాలామంది రేసిజం అన్నారు, అక్కడి కోర్టుల్లో మాత్రం అది వీసా మోసం కేసుగానే నడిచింది. వల పన్నినోడికి ఆ వలలో ఏ దేశం పిల్లలు పడతారో తెలీదా అని నాకూ అనిపిస్తుంది కానీ అనిపించడం వేరు, ఆ సెక్షన్ కింద నిలబడటం వేరు.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఎవరూ కావాలని చెయ్యలేదు, రూలు అందరికీ ఒకటే, కానీ దెబ్బ మాత్రం ఒక గుంపుకే తగిలితే దాన్నేమనాలి? అలబామాలో డ్రైవింగ్ లైసెన్స్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే పెడతాం అన్నారు, ఇంగ్లిష్ రానివాళ్ల తరఫున కేసు వేశారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండోవల్ అన్న పేరుతో తేలింది. 5-4 మెజారిటీతో కోర్టు చెప్పింది ఏంటంటే, టైటిల్ సిక్స్ కింద మామూలు మనిషి కోర్టుకి రావాలంటే కావాలని చేసిన వివక్ష అయ్యుండాలి, ఫలితం అలా వచ్చింది అంటే చాలదు. అప్పట్నుంచి ఫలితం సంగతి చూడ్డం గవర్నమెంట్ ఏజెన్సీల చేతిలో ఉండిపోయింది, 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చి వాళ్లని కూడా ఆ పని తగ్గించుకోమన్నాడు. అంటే కోర్టు కొలత ఇప్పుడు పూర్తిగా ఉద్దేశం వైపే. సోషియాలజీ క్లాసులో రేసిజం అంటే ఫలితం అని నేర్చుకుని, కంప్లైంట్ ఆఫీసుకెళ్లి ఉద్దేశం నిరూపించు అంటే పిల్లలు బిత్తరపోతారు, ఎందుకు పోరు మరి.

ఆ ఫలితం అన్న ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చింది అంటే, 1967లో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్, పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ చార్లెస్ హామిల్టన్ ఇనిస్టిట్యూషనల్ రేసిజం అన్న మాట వాడారు. వాళ్లు చెప్పింది ఇది: అలబామా బర్మింగ్‌హామ్‌లో చర్చి మీద బాంబేసి నల్లజాతి పిల్లల్ని చంపితే అందరూ అయ్యో అంటారు, అదే ఊళ్లో ఏటా వందలమంది నల్లజాతి పసిపిల్లలు సరైన తిండీ వైద్యం లేక చనిపోతే అది రేసిజం అని ఎవరికీ తట్టదు, ఎందుకంటే అక్కడ చూపించడానికి ఒక దోషి లేడు. తర్వాత 1999లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడి హత్య కేసు మీద వచ్చిన మాక్‌ఫర్సన్ రిపోర్ట్ లండన్ పోలీసుల గురించి ఇదే మాట వాడింది, రంగు వల్లో సంస్కృతి వల్లో కొందరికి సరైన సేవ అందించడంలో ఒక సంస్థ మొత్తంగా ఫెయిలవడం, తెలీక చేసినా సరే, అని. మీరు గమనించాల్సింది ఆ "తెలీక" అన్న ముక్క. కోర్టు కొలతకీ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది.

మిస్సోరి యూనివర్సిటీలో 2015లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. క్యాంపస్‌లో నల్లజాతి స్టూడెంట్లని బూతు మాటలంటున్నారు, కంప్లైంట్ ఇచ్చినా ఎవరూ పట్టించుకోవట్లేదు అని గొడవ మొదలైంది. ఒక గ్రాడ్యుయేట్ స్టూడెంట్ నిరాహార దీక్షకి కూర్చున్నాడు, అప్పటికీ కదల్లేదు, చివరికి ఫుట్‌బాల్ టీమ్‌లో నల్లజాతి ఆటగాళ్లు ప్రెసిడెంట్ దిగిపోయేదాకా ఆడం అన్నారు, కోచ్ కూడా వాళ్ల పక్కన నిలబడ్డాడు. రెండ్రోజుల్లో, నవంబర్ 9న ప్రెసిడెంట్ టిమ్ వుల్ఫ్ రాజీనామా. ఆయన స్వయంగా రేసిస్ట్ మాట అన్నాడన్నది కాదు అసలు ఆరోపణ, తెలిసి కూడా ఏమీ చెయ్యలేదన్నదే ప్రధానంగా ఆరోపణ. నిరాహార దీక్షకి రాని కదలిక ఒక మ్యాచ్ క్యాన్సిల్ అయితే పది లక్షల డాలర్లు పోతాయి అనేసరికి వచ్చింది, అది కూడా సంస్థ గురించి ఏదో చెప్తుంది కదా.

ఇప్పుడు మాటల సంగతి, ఎందుకంటే క్యాంపస్ కంప్లైంట్లలో చాలావరకు ఎవరో ఏదో అన్నారు అనే ఉంటాయి. 1987లో మిషిగన్ యూనివర్సిటీలో నల్లజాతి వాళ్లని వేటాడండి అన్నట్టు కరపత్రం పంచారు, స్టూడెంట్ రేడియోలో రేసిస్ట్ జోకులేశారు. యూనివర్సిటీ కంగారుపడి 1988లో ఒక కోడ్ తెచ్చింది, జాతి మీద అవమానించే మాటలంటే శిక్ష అని. ఒక సైకాలజీ పరిశోధక విద్యార్థి, జాతుల మధ్యా ఆడామగా మధ్యా జీవశాస్త్ర తేడాల గురించి క్లాసులో చర్చిస్తే నన్ను కూడా దీని కింద పట్టుకుంటారేమో అని కోర్టుకెళ్లాడు, 1989లో కోర్టు కోడ్ కొట్టేసింది, దేనికి శిక్ష పడుతుందో చదివితే అర్థం కాకపోతే అది రూలే కాదంది. 1991లో విస్కాన్సిన్, 1995లో స్టాన్‌ఫర్డ్ కోడ్‌లకి కూడా అదే గతి. స్టాన్‌ఫర్డ్ ప్రైవేటు, మాట్లాడే స్వేచ్ఛ కాపాడే ఫస్ట్ అమెండ్‌మెంట్ దానికి నేరుగా వర్తించదు, కానీ కాలిఫోర్నియాలో ప్రైవేటు యూనివర్సిటీలకి కూడా ఆ స్వేచ్ఛ వర్తింపజేసే చట్టం ఉంది.

2015 మార్చిలో ఓక్లహోమా యూనివర్సిటీలో ఒక ఫ్రాటర్నిటీ (మగ స్టూడెంట్ల క్లబ్బు) కుర్రాళ్లు బస్సులో నల్లవాళ్లని చేర్చుకోం అని, ఉరితీయడం గురించి కూడా పాడిన పాట వీడియో బయటికొచ్చింది. ప్రెసిడెంట్ డేవిడ్ బోరెన్ కొద్ది రోజుల్లోనే ఇద్దర్ని వెళ్లగొడుతున్నా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, లా ప్రొఫెసర్లు కొందరు మాత్రం పబ్లిక్ యూనివర్సిటీ అలా చెయ్యడానికి లేదు, ఆ పాట ఎంత నీచమైనా సరే అన్నారు. మన వైపు నుంచి చూస్తే ఇది మింగుడు పడదు, ఇక్కడ కులం పేరుతో తిడితే అట్రాసిటీ కేసు ఉంది కదా, అక్కడెందుకు లేదు అనిపిస్తుంది. అక్కడ లెక్క ఏంటంటే మాట ఒక్కటే అయితే సాధారణంగా శిక్ష లేదు, అదే మాట ఒకే మనిషి వెంటపడి మళ్లీమళ్లీ అంటే, లేదా బెదిరింపైతే, లేదా వాతావరణం అంతా అలా తయారై ఆ స్టూడెంట్ చదువు సాగకుండా పోతే అప్పుడది హెరాస్‌మెంట్ అవుతుంది, అప్పుడు యూనివర్సిటీకి తెలిసి కూడా పట్టించుకోకపోతే ఆ తప్పు యూనివర్సిటీది అవుతుంది. కార్లోంచి అరిచి పోయినోడు దీంట్లోకి రాడు. ల్యాబ్‌లో నెలల తరబడి "కాల్ సెంటర్" అని పిలిచే సీనియర్ రావచ్చు.

మరి అంతకంటే చిన్నవి, రోజూ గుచ్చుకునేవి? 1970లో హార్వర్డ్ సైకియాట్రిస్ట్ చెస్టర్ పియర్స్ వీటికి మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టాడు. నీ ఇంగ్లిష్ భలే ఉందే, నువ్వు నిజంగా ఎక్కడ్నుంచి, ఇలాంటివి. నా అభిప్రాయం సూటిగా చెప్తా, వీటిని శిక్షల లిస్టులో పెట్టడం తప్పు, అలాగని లేవనడం అంతకంటే పెద్ద తప్పు. ఎవర్నైనా శిక్షించాలంటే ఉద్దేశం చూడాలి, గట్టి కొలత కావాలి, లేకపోతే రేపు అదే కర్రతో మనల్నే కొడతారు. పద్ధతి సరిచెయ్యడానికి మాత్రం ఫలితం చాలు. టీఏ పోస్టులు ఎవరికి వెళ్తున్నాయో లెక్క తీసి చూసి, సెలక్షన్ పద్ధతి మార్చడానికి ఎవడో రేసిస్ట్ అని నిరూపించాల్సిన అవసరమే లేదు. యూనివర్సిటీల్లో సగం గొడవలు ఈ రెండు పనులకీ ఒకే కొలత వాడబోయి వస్తాయి, ఫలితం చూపించి మనిషిని శిక్షించమంటారు ఒకళ్లు, ఉద్దేశం నిరూపించలేదు కాబట్టి పద్ధతి మార్చం అంటారు ఇంకొకళ్లు.

బ్రిటన్‌లో ఇది ఇంకో రకంగా బయటపడింది. 2019 అక్టోబర్‌లో అక్కడి ఈక్వాలిటీ అండ్ హ్యూమన్ రైట్స్ కమిషన్ యూనివర్సిటీల మీద రిపోర్ట్ ఇచ్చింది, చదువు మొదలుపెట్టాక జాతి వేధింపు ఎదుర్కొన్నామని మైనారిటీ స్టూడెంట్లలో 24 శాతం, తెల్లవాళ్లలో 9 శాతం చెప్పారు, ఎదుర్కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఎవరికీ కంప్లైంట్ ఇవ్వలేదు. రిపోర్ట్ రాగానే గొడవ దేనిమీదా అంటే, స్కాట్లండ్‌లో ఇంగ్లిష్ వాళ్లని ఏడిపించడం కూడా ఇందులో కలిపారేంటి అని. చట్టం ప్రకారం కమిషన్ చేసింది కరెక్టే, అక్కడ రేస్ అంటే జాతీయత కూడా. అధికారం ఎవరి చేతిలో ఉందో చూడకుండా రెండూ ఒకటే గాటన కట్టడం ఏంటి అన్నవాళ్ల మాటలోనూ పస ఉంది.

ఇంత తేడా ఉన్నప్పుడు మనోడు ఏం చెయ్యాలి? మొదట తెలియాల్సింది, క్యాంపస్‌లో బయాస్ రిపోర్ట్ ఫామ్ వేరు, ఫార్మల్ కంప్లైంట్ వేరు. మొదటిదానికి ఎవరో పిలిచి మాట్లాడతారు, సపోర్ట్ ఇస్తామంటారు, మామూలుగా విచారణ ఉండదు, శిక్షా ఉండదు. మనోళ్లు ఆ ఫామ్ నింపేసి నెలల తరబడి ఎదురుచూసి, చూశావా ఏమీ చెయ్యలేదు అంటుంటారు. విచారణ కావాలంటే ఈక్వల్ ఆపర్చునిటీ లేదా సివిల్ రైట్స్ ఆఫీసుకి ఫార్మల్‌గా రాసివ్వాలి, పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. యూనివర్సిటీ వినకపోతే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్ ఉంది, కానీ ఘటన జరిగిన 180 రోజుల్లో వెళ్లాలి, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు డిగ్రీ అయ్యాక చూద్దాంలే అంటే గడువు అయిపోతుంది. ఆ ఆఫీసు కూడా 2025లో బలహీనపడింది, ఆ మార్చిలో 12 రీజనల్ ఆఫీసుల్లో 7 మూసేశారు. కంప్లైంట్‌లో రేసిజం అన్న మాట ఎన్నిసార్లు రాశారన్నది ఎవరూ చూడరు, తేదీ, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్లెవరు, అదే పరిస్థితిలో వేరే దేశం స్టూడెంట్‌తో ఎలా ప్రవర్తించారు, ఇవి చూస్తారు. ఆ చివరిది చాలామంది రాయరు, కేసు మొత్తం నిలబడేది దానిమీదే.

వీసా పోతుందేమో అన్న భయం ఒకటుంది. వివక్ష మీద కంప్లైంట్ ఇచ్చినందుకు కక్ష తీర్చుకోవడం చట్టప్రకారం నేరుగా తప్పు, స్టూడెంట్ వీసాల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ రికార్డుకీ దీనికీ సంబంధం లేదు. కానీ 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు స్టూడెంట్ల వీసాలు రద్దయ్యాక ఆ భయాన్ని ఊరికే తీసిపారెయ్యడానికి నాకు నోరు రావట్లేదు.

ఇక మన సంగతి. నల్లజాతి స్టూడెంట్లుండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ గురించి మన గ్రూపుల్లో "అక్కడ నల్లోళ్లెక్కువ, వద్దు" అని ఎంత తేలిగ్గా రాస్తారో, చైనా వాళ్ల గురించి మణిపూర్ వాళ్ల గురించి ఒకే బూతు మాట ఎలా వాడతారో అందరికీ తెలుసు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడి హత్య తర్వాత ఈశాన్య రాష్ట్రాల వాళ్ల సమస్యలు చూడ్డానికి బెజ్‌బరువా కమిటీ వేశారు. 2016లో యూజీసీ ర్యాగింగ్ రూల్స్ మార్చి రంగు, జాతి, కులం, ప్రాంతం, భాష, రూపం, పుట్టిన చోటు, అన్నీ పేరుపేరునా రాసింది. కాగితం మీద చూస్తే టైటిల్ సిక్స్ కంటే మన లిస్టే పెద్దది. అమలు సంగతి హైదరాబాద్‌లో చదివే ఆఫ్రికా స్టూడెంట్లనో ఈశాన్య రాష్ట్రాల వాళ్లనో అడగండి, అద్దె ఇల్లు దగ్గర్నుంచి మొదలుపెడతారు.

కులం అక్కడికి కూడా వచ్చింది. కులం రేసిజంలోకి వస్తుందా అన్నది 2001లో రేసిజం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన డర్బన్ సదస్సులో పెద్ద చర్చ, రాదు అని మన ప్రభుత్వం గట్టిగా వాదించింది. 1965 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో మాత్రం జాతి వివక్ష అంటే రేస్, రంగుతో పాటు వంశం వల్ల జరిగేది కూడా అని ఉంది, ఆ వంశంలో కులం కూడా ఉందని 2002లో ఆ ఒప్పందం అమలు చూసే కమిటీ చెప్పేసింది. అమెరికాలో 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ మొదటగా కులాన్ని తన పాలసీలో చేర్చింది, 2022 జనవరిలో, అప్పటికి 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ రేస్ ఆర్ ఎత్నిసిటీ అన్న లైన్లోనే రంగు, వంశం పక్కన కులం కూడా పెట్టింది. ఇది మమ్మల్నే వేలెత్తి చూపడం అని ఇద్దరు భారతీయ మూలాల ప్రొఫెసర్లు కోర్టుకెళ్లారు. రాష్ట్రం మొత్తానికి చట్టం చేద్దామంటే 2023 అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు, ఇప్పటికే ఉన్న వివక్ష చట్టాల్లో ఇది ఎలాగూ వస్తుంది, వేరే చట్టం అక్కర్లేదని.

దీంతో మనోళ్లకి రోజువారీ తగిలేది రూమ్మేట్ యాడ్స్ దగ్గర. ఫలానా వాళ్లే కావాలి, ప్యూర్ వెజ్ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే, అని రాస్తుంటారు, ఇంటిపేరు అడిగి తేల్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. బయట ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో నాతో ఎవరుండాలో నేను ఎంచుకుంటా అంటే ఫెడరల్ హౌసింగ్ చట్టం అడ్డు రాదని 2012లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒక రూమ్మేట్ వెబ్‌సైట్ కేసులో చెప్పింది. అదే యాడ్ యూనివర్సిటీ హౌసింగ్‌లో పెడితే, లేదా యూనివర్సిటీ ఫండ్‌తో నడిచే స్టూడెంట్ అసోసియేషన్‌లో కమిటీ పోస్టులు కులం చూసి పంచుకుంటే కథ వేరు, అది క్యాంపస్ పాలసీ కిందకి వచ్చే విషయం. కాలిఫోర్నియా స్టేట్ లాంటి చోట కంప్లైంట్ ఇవ్వడానికి లైను కూడా రెడీగా ఉంది, ఇచ్చేవాడూ ఎవరి మీద ఇస్తున్నాడో వాళ్లూ ఇద్దరూ తెలుగువాళ్లే అయ్యుండొచ్చు.